తొమ్మిది వందల గ్రాముల చీర

మా వారికి రాజమండ్రిలో వారానికి మూడుసార్లు డయాలసిస్. పక్క మంచం ఆవిడ కొవ్వూరు నుంచి బస్సులో వచ్చేది. నలభై ఏళ్లుంటాయేమో. ఎప్పుడూ పట్టుచీర, నప్పే జాకెట్టు, జడలో కనకాంబరాలు. బరువు చూసే మిషనెక్కి, "చీర తొమ్మిది వందల గ్రాములండీ, తీసేసి రాసుకోండి" అని నర్సుకి చెప్పేది. ఒక్కో చీరకి ఒక్కో అంకె. మా వారి బరువు పుస్తకంలో ఎక్కించుకుంటూ నేను వింటూ ఉండేదాన్ని.

ఒకరోజు ఉండబట్టలేక అనేశాను. "జరీ ఎంతుందో అందరికీ చాటాలా అమ్మా?"

"పెళ్లిళ్లకి పిలవడం మానేశారు పిన్నిగారూ. ఇంకెక్కడికి కట్టను?" అని నవ్వింది.

తర్వాతిసారి మిషనెక్కి ఏమీ మాట్లాడలేదు. కొత్త నర్సు, మిషను చూపించిన బరువే రాసుకుంది. మూడో గంటలో ఆవిడ కాళ్లు కొంకర్లు పోయాయి, కళ్లు తేలేసింది. డాక్టరు పరుగెత్తుకొచ్చి సెలైన్ పెట్టించాడు. కాగితం చూసి, "చీర బరువు కూడా ఒంట్లో నీరే అనుకుని లాగేశారు!" అని నర్సు మీద అరిచాడు.

ఇన్నాళ్లూ ఆవిడ చెప్పింది గొప్ప కాదు, ప్రాణం లెక్క. దాన్ని ఆపించింది నేను.

కాసేపటికి కళ్లు తెరిచి నావైపే చూసింది. తిడుతుందనుకున్నాను.

"కుచ్చిళ్లు చెదిరాయా పిన్నిగారూ?" అంది.

వంగి సర్దబోయాను. నా చేతుల్లో ఒక్క మడతా నిలవలేదు.