నల్ల పట్టీ కింద కుర్చీ

ఫిబ్రవరి, మంగళవారం. పొద్దున అయిన పనులు: ఇడ్లీ పిండి రుబ్బడం, రెండు బకెట్ల బట్టలు, మధ్యాహ్నం వంట, మొక్కలకు నీళ్లు. అన్నీ అయ్యేసరికి తొమ్మిదిన్నర.

కరీంనగర్‌లో మా ఇల్లు కట్టేటప్పుడు చెల్లెలు లత ఇరవై ఒక్క రోజులు ఉండి గోడలకు నీళ్లు కొట్టింది. బదులుగా గోదావరిఖనిలో దాని ఇంటి ఎలివేషన్, అంటే ముందు గోడ నమూనా, నేను గీసిస్తానన్నాను. ఓపెన్‌కాస్ట్ గని పక్కన ఇల్లు కదా, నేల కింది వరుసే ముందు గోడ మీద కనబడాలనుకున్నాను: కింద ఎర్ర ఇసుకరాయి పలకలు, నడుమ బొగ్గు పొరలాంటి నల్లరాతి పట్టీ, పైన మళ్లీ ఇసుకరాయి. పోయినవారం అతికించడం అయిపోయింది. చూడ్డానికి బయల్దేరాను.

పది గంటల ఎక్స్‌ప్రెస్ బస్సు పెద్దపల్లి మీదుగా రెండు గంటల్లో చేర్చింది. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు జీరో టికెట్. బస్టాండు నుంచి ఆటో ముప్పై రూపాయలు. ఇంటి గుర్తులు చెప్పగానే డ్రైవర్ అద్దంలో నన్ను చూశాడు.

"గా రాళ్ల ఇల్లా అక్కా? దాని ముంగట ఆగితే గనిల దిగినట్టే ఉంటది. మా ఆమె అటు దిక్కే చూడదు."

లత వరండాలో, సరిగ్గా నల్ల పట్టీ కింద, కుర్చీ వేసుకుని జాకెట్‌కు హుక్కులు కుడుతోంది. దాని మామ రాజయ్య ముప్పై ఏళ్లు భూగర్భ గనిలో చేసి రిటైరైన మనిషి. వారం నుంచి వెనక తలుపు నుంచే వస్తున్నాడట.

"ఏంది మామా, నచ్చలేదా?" అనడిగాను.

"నచ్చుడు కాదు బిడ్డా. ముప్పై ఏండ్లు గిదే వరుస కింద నిలబడ్డ. ఇంకా గిదే కిందికెళ్లి ఇంట్లకు రావాల్నా?"

లత నవ్వింది. "గోడకు భయపడేటాయన బొగ్గెట్ల తవ్విండో!"

"భయపడ్డ గనుకనే బయటికొచ్చిన."

గనిలో పని మొదలుపెట్టే ముందు పైకప్పును కర్రతో కొట్టి చూస్తారట. గట్టిగా మోగితే సరే, బోలుగా పలికితే పొర విడిపోయినట్టు. ఆయన చేతికర్రతో గోడ మీద కొట్టాడు. కింది రాయి ఖంగుమంది. నల్ల పట్టీ మాత్రం ఖాళీ డబ్బాలా పలికింది. అయినా లత కుర్చీ జరపలేదు.

రెండున్నరకు పేలుళ్ల ముందు కొట్టే గని సైరన్ మోగింది. పిచ్చుకలు ఒక్కసారిగా ఊరుకున్నాయి. ఎవరూ ముట్టకుండానే గోడలోంచి టిక్, టిక్‌మని వినిపించింది. లత ఒళ్లోని జాకెట్ మీద సన్నగా ఇసుక రాలింది.

"గోడ మాట్లాడుతాంది. లెవ్!" అన్నాడు రాజయ్య.

"ఒక్క హుక్కే ఉంది మామా..."

ఆయన దాని రెక్క పట్టి వాకిట్లోకి లాగాడు. కాళ్ల కింద నేల అదిరింది, వంటింట్లో గిన్నెలు గలగలమన్నాయి. తర్వాత అంతా నిశ్శబ్దం. ఏమీ కాలేదు. లత నవ్వి కుర్చీ వైపు అడుగేసింది. అప్పుడు, ఏ అదురూ లేనప్పుడు, నల్ల పలక నెమ్మదిగా జారి కుర్చీని విరగ్గొట్టింది.

నేల కింద ప్రతి పొరా కింది పొర మీద కూర్చుంటుంది. నేను వరుసను మాత్రం దించుకుని, రాళ్లను గోడకు వేలాడదీశాను. అన్నీ విప్పించి, నేల నుంచి మందంగా పేర్పించాను. నల్లరాయి ఇప్పుడు అడుగున అరుగు. రాజయ్య దాని మీదే కూర్చుని చాయ్ తాగుతాడు. వెళ్లినప్పుడల్లా రెండున్నరకు గోడకు చెవి ఆనించడం నాకు అలవాటైంది. ఇంతవరకు ఏమీ అనలేదు.

అటు వెళ్లేవాళ్లు రెండింటిలోపే చేరండి, పేలుళ్లప్పుడు దారి ఆపుతారు. రాతి పలకలున్న గోడ కింద కూర్చునే ముందు ఒకసారి కర్రతో కొట్టి చూడండి.

కొత్త గోడకు ఇరవై ఒక్క రోజులూ నేనే నీళ్లు కొట్టాను. లతకు నేను పడ్డ బాకీ తీరింది.