పొడుగు డ్రమ్ము, పొట్టి హీటరు

మా ఆయన పోయాక పత్తికొండలో పసిబిడ్డలకు నీళ్లు పోసి బతికినదాన్ని. ఎప్పుడూ కట్టెల పొయ్యి మీదే కాచాను. నా మనవరాలికి ఇరవయ్యో రోజున మాత్రం కోడలు పొడుగు డ్రమ్ములో పొట్టి కరెంటు హీటరు వేలాడదీసింది. అడుగునున్న కుళాయి తిప్పి చూస్తే ఎంతసేపటికీ చన్నీళ్లే.

“ఇంగెంతసేపత్తా, బిడ్డ వణుకుతాండాది,” అంది కోడలు.

“సరే, హీటరు తీసేసి పైనుంచి ముంచియ్యి,” అన్నాను.

బిడ్డను కాళ్ల మీద పడుకోబెట్టుకునే ముందు మొదటి చెంబు నా కాళ్లకే పోసుకోవడం అలవాటు. పోసుకున్నాను. చర్మం ఊడి వచ్చింది.

“పైనంతా మసులుతాండాదత్తా,” అని కోడలు అప్పుడు డ్రమ్ములోకి చూసి ఏడ్చింది.

పొయ్యి అడుగున మండితే వేడి పైకొచ్చి నీళ్లన్నీ కలుస్తాయి. హీటరు పైనుంటే కాగిన నీళ్లు పైనే ఉండిపోతాయని నాకేం తెలుసు?

ఇప్పుడు కర్రతో అడుగుదాకా కలుపుతాను. అయినా మొదటి చెంబు ఆ మచ్చ మీదే.