మంచు ఒకరికి, ఎండ ఒకరికి

ఎనభైల మొదట్లో ఓ చలికాలం, నేనూ మా ఆవిడ సుశీలా డెట్రాయిట్ నుంచి షికాగోకి రైల్లో వెళ్తున్నాం. ఎదురు సీట్లో ఓ ముసలి అమెరికన్ జంట. మా పులిహోర వాసనే మాటలు కలిపింది.

పెద్దాయన కార్ల ఫ్యాక్టరీలో రిటైరయ్యాడట. శేషజీవితం ఇక్కడే మిషిగన్ చలిలోనా, ఏడాదంతా ఎండ కాసే బార్బడోస్ దీవిలోనా అని రెండేళ్లుగా ఆలోచించారట.

"మరి ఏం డిసైడ్ చేశారు?" అన్నాను.

"నేను వెళ్తున్నాను. ఆయన ఇక్కడే ఉంటాడు," అందావిడ, కమలాపండు ఒలిచి ఆయన చేతిలో తొనలు పెడుతూ.

నోటిదాకా వచ్చిన ముద్ద అక్కడే ఆగిపోయింది. విడాకులనుకుని "ఐయామ్ సారీ" అన్నాను. ఇద్దరూ పగలబడి నవ్వారు.

"నలభై ఏళ్ల పెళ్లి మాది. తనకి ఎండ ఇష్టం. నాకు గడ్డకట్టిన చెరువు మీద కూర్చుని చేపలు పట్టడం ఇష్టం. క్రిస్మస్‌కి నేను వెళ్తాను, వేసవిలో తను వస్తుంది," అన్నాడాయన తొన చప్పరిస్తూ.

ఉద్యోగం కోసమో, పిల్లల చదువుల కోసమో వేరుగా ఉన్న మొగుడూ పెళ్లాలను చూశాను కానీ, ఎండ కోసం మొగుణ్ణి వదిలి వెళ్లే ఇల్లాలిని అంతవరకూ చూడలేదు.

"విన్నావా? ఏం మనుషులో!" అన్నాను తెలుగులో సుశీలతో.

తను కిటికీలోంచి మంచు వైపు చూస్తోంది. మిషిగన్‌లో అది మాకు తొమ్మిదో చలికాలం.

"ఏమండీ," అంది తల తిప్పకుండానే, "ఆవిడకి అక్కడ తోడెవరైనా కావాలేమో అడగండి."