బాలింత ముట్టని నీళ్లు

రోజూ పొద్దున్నే వేడినీళ్లతో స్నానం చేస్తాను. చేసిన ప్రతిసారీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది. ఏళ్ల తరబడి ఇదే వరస. ఎవరితోనూ అనలేదు. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీతో అంటున్నాను. తెలిసినవాళ్ల ముందు నిజం చెప్పే దమ్ము నాకెప్పుడూ లేదు.

డాలీగంజ్‌లో సూర్రావు ఇంట్లో కింది వాటాలో అద్దెకుంటాను. పిల్లలకు తెలుగు చెప్పే ఉద్యోగం. సూర్రావు నడిసముద్రంలోని ఈ దీవిలోనే పుట్టి, హిందీ బడిలో చదివినవాడు. తెలుగు గడగడా మాట్లాడతాడు, ఒక్క ముక్క చదవలేడు. అందుకే ఆయనంటే నాకు మొదటినుంచీ చులకన. మేడ మీద సోలార్ హీటరు పెట్టించాక అది ఇంకా ముదిరింది. సగం ఏడాది వాన, మిగతా సగం ఒళ్లంతా చెమట. ఇలాంటి చోట ప్రతి కుళాయిలో వేడినీళ్లట! వీధిలో పోయేవాళ్లను పిలిచి మరీ చూపించేవాడు. తన వాటాకు పైపు వేయించుకున్నాడు. వెనక వాటాకూ వేయించాడు. నా దగ్గరికొచ్చేసరికి నవ్వాడు.

"మీరు అకేలా మనిషి కదా మాస్టర్‌జీ. మీకెందుకండీ గరం పానీ?"

అంతే. ఆ తర్వాత నేను చేసినదానికి ఇంతకంటే పెద్ద కారణం ఏదైనా ఉందేమోనని చాలాసార్లు వెతుక్కున్నాను. లేదు.

పొద్దున్నే బట్టలు ఆరేయడానికి మేడెక్కి, హీటరులోకి చన్నీళ్లు పోయే వాల్వు కట్టేసేవాణ్ని. సాయంత్రం బట్టలు తీసేటప్పుడు తెరిచేసేవాణ్ని. లోపలికి నీళ్లు పోకపోతే బయటికెక్కడ వస్తాయి? ధార సన్నబడి ఆగిపోయేది. ఒంటినిండా సబ్బుతో సూర్రావు పెట్టే కేకలు వింటూ కింద హాయిగా కాఫీ తాగేవాణ్ని. మెకానిక్ ఎప్పుడూ సాయంత్రాలే వచ్చేవాడు. ఓసారి పైపుల్లో గాలి పట్టిందన్నాడు. ఓసారి ఉప్పు పేరుకుందని విప్పి కడిగాడు. ఇంకోసారి గాజు గొట్టాలే మార్చాడు. బాగుచేశానని వెళ్లేవాడు, మర్నాడు పొద్దున మళ్లీ మామూలే. ఇద్దరూ ఇద్దరేరా వెధవలు అని నాలో నేను నవ్వుకునేవాణ్ని. చివరికి అతనూ విసిగిపోయాడు. సిస్టం ఠీక్ హై భయ్యా, ఇంట్లో ఎవరో నీళ్లు తెగ వాడేస్తున్నారు, అని చేతులు దులుపుకున్నాడు.

ఎవరో అంటే ఎవరు? వెనక వాటాలో కుమారి పచ్చి బాలింత. భర్తకు జెట్టీలో పని. పురిటికని తల్లి అప్పాయమ్మ శ్రీకాకుళం వైపు నుంచి ఓడలో వచ్చింది. బాలింతకూ బిడ్డకూ నూనె పట్టించి కాగులకొద్దీ వేడినీళ్లు పోస్తారని మనవాళ్లలో తెలియనిదెవరికి? సూర్రావుకు అది చాలింది.

కానీ అప్పాయమ్మ ఆ హీటరు నీళ్లు ఒక్క చెంబు కూడా వాడలేదు. గొట్టాల్లో కాగిన నీళ్లు పోస్తే బాలింతకు వాతం చేస్తుందని ఆవిడ నమ్మకం. పెరట్లో రాళ్లు పేర్చి, కొబ్బరి మట్టలు మండించి, కాగులో వావిలాకు వేసి కాచేది. ఆ పొగంతా నా కిటికీలోకే వచ్చేది. దగ్గుతూ ఆవిణ్నీ తిట్టుకునేవాణ్ని.

ఇల్లు ఖాళీ చేయమని సూర్రావు అరుస్తున్న రోజున ఆవిడ మసిబారిన కాగు తెచ్చి ఆయన ముందు పెట్టింది. ఆయన నమ్మలేదు. అంతా నాటకమన్నాడు. అప్పుడు ఆవిడ నా వైపు తిరిగింది.

"మాస్టరుబాబూ, నీ కిటికీ కాడే కదా మా పొయ్యి. రోజూ సూస్తన్నావు. ఆ మేడమీది నీలు మేం ముట్టనేదని ఒక్క మాట సెప్పు బాబూ."

గుమ్మంలో కుమారి బిడ్డనెత్తుకుని నన్నే చూస్తోంది.

"నాకేం తెలుసమ్మా? పొద్దున్నే స్కూలుకు పోతాను," అన్నాను.

అప్పాయమ్మ కాగు తీసుకుని లోపలికి వెళ్లింది. మర్నాడు వానలోనే ఆటో వచ్చింది. బిడ్డ మీద ప్లాస్టిక్ పట్టా కప్పారు.

ఏం పోయేది నాకు? పొగ సంగతి చెబితే చాలు, వాల్వు సంగతి చెప్పక్కర్లేదు కదా అని మీరనవచ్చు. కానీ వాళ్లు కాదంటే ఇంకెవరని సూర్రావు అడిగేవాడు, ఇంట్లో మిగిలింది నేనొక్కణ్నే, అంత లెక్క ఆ ఒక్క క్షణంలో వేసుకున్నాను. పసిగుడ్డును చూస్తూనే వేసుకున్నాను. సూర్రావు పొరపాటుపడ్డాడు. నేను తెలిసి చేశాను. మరి వెధవ ఎవరు?

ఆ తర్వాత వాల్వు జోలికి పోలేదు. పోతే దొరికిపోతాను. హీటరు బ్రహ్మాండంగా పనిచేసింది. నే చెప్పలేదా, వాళ్లేనని సూర్రావు వీధంతా చెప్పుకున్నాడు. ఆ రుజువు కూడా నేనిచ్చిందే. ఆ సంబరంలో, నాలాంటి షరీఫ్ మనిషి దొరకడని మెచ్చుకుని, వెనక వాటా పైపు కోయించి నా స్నానాల గదికి కలిపించాడు. వద్దనలేదు. థాంక్స్ చెప్పాను.

ఇదంతా తెలుగులో రాస్తున్నాను. ఈ ఇంట్లో తెలుగు చదవగలిగేది నేనొక్కణ్నే. కాగితం బల్ల మీద వదిలేసినా పిల్లల పాఠమేదో అనుకుంటాడు సూర్రావు. ఒప్పుకునేటప్పుడు కూడా నా క్షేమమే చూసుకున్నాను, నా బతుకు అంత నీచమైనది. అయినా రాస్తుంటే గుండెలో ఏదో కాస్త వదులవుతోంది. వాళ్లెక్కడున్నారో తెలియదు. ఆ బిడ్డ ఈపాటికి బడికి వెళుతూ ఉంటుంది.

అప్పాయమ్మా, రోజూ చూశాను. ఆ మేడ మీది నీళ్లు మీరు ముట్టలేదు.