వాకిట్ల కాగబెట్టిన నీళ్లు

మొన్న పొద్దుగాల ఎదురింటోళ్ల ఫోన్‌కు మిర్యాలగూడ నుంచి కబురొచ్చింది. మా ఇంట్ల శానేండ్లు కిరాయికున్న టీచరమ్మ గుండె ఆగి పోయిందట. యాభై కూడ నిండలే. ఎవరు ఊరికి పోయినా బస్సు బోల్తా పడ్డదేమో అని పరేషానయ్యే మనిషిని నేను. నా భయాలల్ల నిజమైంది ఇదొక్కటే.

ఆమె పాఠాలు చెప్పే టీచరు కాదు. మనసు చెదిరిన బడిపిల్లలతోటి మాట్లాడే కొలువు. ఆ సదువు పేరు నాకు నోరు తిరగదు. సూర్యాపేట సుట్టుపక్కల ఏ బడిల పిల్లగాడు పోయినా, ఏ పిల్ల మాట బందు పెట్టినా ఆమెకే కబురొచ్చేది.

సావింటి నుంచి వచ్చినోళ్లు తానం చెయ్యంది ఇంట్లకు రారు గద. అందుకని ఆమె వచ్చేయాళ్లకు వాకిట్ల కట్టెల పొయ్యి మీద నీళ్లు కాగబెట్టి ఉంచేదాన్ని. ఒకపారి కాలువల పడి ఒక పిల్లగాడు పోయిండు. వాని పక్కన కూసునే పిల్లల కాడ ఆమె రోజంతా ఉండి వచ్చేది. ఆళ్ల ముందట కన్నీళ్లు రానిచ్చేది కాదట. ఇంటికొచ్చి తడికల చాటున చెంబు మీద చెంబు గుమ్మరిచ్చుకునేది. ఆ నీళ్ల చప్పుడుల ఏడుపు నాకు వినబడేది. తర్వాత అన్నం పెడితే ముద్ద దిగకపోయేది. జుట్టంత దువ్వెనకే వచ్చేది.

"నీ గుండె ఏమన్న బండనా బిడ్డా? ఇగ సాలు, ఇడిసిపెట్టు" అంటే నవ్వేది. కోదాడ మనిషి, మాట జర అటుదిక్కుది.

"బండైతే పిల్లలు నా దగ్గరికెందుకొస్తారు పెద్దమ్మా? అయినా నా వంతు భయం కూడా నువ్వే పడుతున్నావు, నాకేం మిగిల్చావు?"

ఒకనాడు దవాఖానల డాక్టరు బీపీ సూసి మంచం దిగొద్దన్నడు. ఆ వారమే పదో తరగతి ఫలితాలొచ్చినయ్. కోదాడల ఒక పిల్ల ఫేలై తలుపేసుకున్నదని మనిషొచ్చిండు. నేను గడపకు అడ్డం కూసున్న.

"నువ్వే పడిపోతవ్. ఇంకెవలన్న పోతరు తియ్యి."

"ఎవరున్నారు పెద్దమ్మా? నా గొంతు వింటే తలుపు తీస్తుంది. కాస్త జరుగు."

జరిగిన. ఆ పిల్ల తలుపు తీసింది, బతికింది. టీచరమ్మకు మాత్రం అప్పటిసంది రెండు మెట్లెక్కితే ఆయాసం. మిర్యాలగూడకు బదిలీ అయినప్పుడు నా చెయ్యి పట్టుకొని, "అక్కడ నీళ్లెవరు పెడతారు?" అన్నది.

సావుకు పోయిన. ఆ కోదాడ పిల్ల చంకల బిడ్డనేసుకొని తలాపున నిలబడ్డది. టీచరమ్మ చెయ్యి ఇడువదు.

ఇంటికొచ్చి నేనే పొయ్యి ముట్టిచ్చుకున్న. నీళ్లు మసిలినంక తడికల చాటుకు పోయిన. చెంబు మీద చెంబు గుమ్మరిచ్చుకున్న. చెంబు ఆపంగనే నా ఏడుపు నాకే వినబడ్డది. మళ్ల ముంచిన.