ఆయన దస్కత్తు

యుద్ధం రోజులు. ఫలక్‌నుమా స్టేషన్‌లో నేను ఇంగ్లీషు పత్రిక చదువుకుంటుంటే, ఖాకీ చీర కట్టిన అమ్మాయి వచ్చి ఒక కాగితం చేతికిచ్చింది. మిలిటరీలో టెలిఫోన్ పనట.

"చదువుకున్నోళ్ల లెక్కున్నరు. అర్జీల తప్పేముందో జర చెప్పున్రి అన్నా."

అధికారి గది తలుపు గడియపెట్టి తనను చెరిచాడని అందులో రాసింది. పై అధికారి దస్కత్తు లేని అర్జీ చెల్లదని కింద ఎర్రసిరాతో రాసి తిప్పి పంపారు.

"దస్కత్తు పెట్టాల్సింది ఎవరు?"

"గాయ్నే. పోయి అడిగితె, కలం జేబుల వెట్టుకొని నవ్విండు."

స్త్రీల హక్కుల మీద సభల్లో గంటలకొద్దీ వాదించినవాణ్ణి. నా రక్తం మరిగింది.

"డ్యూటీకి వెళ్లకమ్మా. నేను పత్రికలో రాస్తాను."

"పోకుంటె పారిపోయిందని పట్కపోతరు. గాయ్న పేరు పేపర్ల ఏస్తరా అన్నా?"

వెయ్యరు. మిలిటరీ మీద ఒక్క ముక్క కూడా అచ్చు కానివ్వని రోజులవి. అది తెలిసే రాస్తానన్నాను.

సికింద్రాబాద్ వెళ్లే రైలు వచ్చింది. ఆమె ఎక్కింది. కిందున్న ఆమె రేకుపెట్టెను ఎత్తి లోపలికి అందించాను.

"శుక్రియా అన్నా" అంది.

ఆయన దగ్గరికే తిరిగిపోతున్న మనిషికి నేను చేయగలిగిన సాయం అది.