ఇసుకలో పాతిన ఇరుసు

నా చిన్నప్పుడు, ఒక శుక్రవారం, మధ్యాహ్నం సరిగ్గా రెండు గంటలకు జరిగిందిది. చిన్నప్పుడంటే, అప్పటికే నాకు యాభై దాటాయి. నవ్వితే నవ్వండి. అక్షరాలు దిద్దే వయసునే చిన్నతనం అంటే, నా చిన్నతనం ఖతర్‌లో గడిచింది. నజ్మా పేటలో మా రూములో ఉండే తమ్ముడొకడు రాత నేర్పేవాడు. నా జేబులో ఎప్పుడూ సుద్దముక్క ఉండేది. పని లేనప్పుడు షెడ్డు నేల మీద అ ఆలు రాసుకునేవాణ్ణి.

కార్లు బాగుచేసే ఆ షెడ్డులో మా బావ మేస్త్రీ. మా అక్క భర్త. నన్ను గల్ఫుకు తెచ్చింది ఆయనే. ఫుట్‌బాల్ ప్రపంచకప్పు కోసం ఊరంతా తవ్విపోస్తున్న రోజులవి. ఆ రోజు సెలవు కనుక క్రేన్లు ఎక్కడివక్కడ నిలబడిపోయాయి. దుమ్ము లేచి ఆకాశం పసుపు కలిపిన నీళ్ళలా ఉంది. రోడ్డు మీద మనిషి జాడ లేదు. ఆ వెలుతురులోంచి ఒక పాత అమెరికా కారు వచ్చి ఆగింది. పొడుగాటి మూతి, వెడల్పాటి వెనక చక్రాలు, కడుపులో ఉరుము. పందేల కోసమే పుట్టిన బండి.

దిగినవాడు ఇరవై ఏళ్ళ ఖతరీ పిల్లవాడు. ఆ బండి వాళ్ళ అన్నది. అన్న ప్రాణం పోయింది కూడా అందులోనే. గట్టిగా తొక్కగానే వెనక భాగం ఎడమకు లాగి గోడను కొట్టిందట. బండికి రేకులు మార్పించి ఇప్పుడు తమ్ముడు నడుపుతున్నాడు. ఇప్పుడూ అంతే, తొక్కితే వెనక 'టక్' మంటుంది, ఎడమకు లాగుతుంది.

"అది మా అన్న. నన్ను పిలుస్తున్నాడు" అన్నాడు, తనకొచ్చిన హిందీలో. "ఆయిల్ మార్చు చాలు, మేస్త్రీ. సాయంత్రం దోస్తులతో పందెం ఉంది. యల్లా, జల్దీ!"

బావ నవ్వలేదు, కాదనలేదు. వెనక భాగం జాకీల మీద లేపి, "బామ్మర్దీ, ఈ చక్రం తిప్పు" అన్నాడు. నేను ముందుకు తిప్పాను. అవతలి పక్క చక్రం వెనక్కి తిరిగింది. అక్కడ ఎవరూ లేరు. చక్రం వదిలేసి దూరం జరిగాను.

"దయ్యం గాదురా. మామూలు రకం యాక్సిల్ గిట్లనే తిరుగుతది. గట్టి రకమైతే రెండూ ఒక్క దిక్కే తిరుగుతయి." ఆ ఇరుసు వెనక మూత మీది మడ్డి తుడిచి బోల్టులు తడిమి లెక్కపెట్టాడు. పది. "దీనికన్న పెద్దదానికి పన్నెండుంటయి. ఏనుగసొంటి ఇంజనుకు మేక నడుము పెట్టిండ్రు."

అప్పుడు నా జేబులోంచి సుద్ద లాక్కున్నాడు. చక్రాల వైపు నుంచి వచ్చే ఇనుప గొట్టాలు నడిమి పోత ఇనుప గుండులోకి దిగే చోటు ఒకటుంటుంది. ఎడమ పక్క ఆ అతుకు మీద, గొట్టానికీ గుండుకూ కలిపి ఒక నిలువు గీత గీశాడు. బండిని దించి, పిల్లవాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, ఖాళీ రోడ్డు మీద ఒక్కసారి గట్టిగా తొక్కాడు. దుమ్ము ఇద్దరినీ మింగేసింది. 'టక్' మన్నది షెడ్డులో ఉన్న నాకూ వినబడింది.

వాళ్ళు తిరిగి వచ్చాక బండి కిందకు పాకి లైటు వేశాను. గీత తెగింది. సగం గుండు మీద ఉంది, మిగతా సగం గొట్టం మీద వేలెడంత కిందికి జరిగింది. అంటే లోపలి అతుకు ఊడి గొట్టం తిరుగుతోందన్నమాట. ఆ 'టక్' మనడం, ఎడమకు లాగడం అందువల్లే.

పిల్లవాడు కూడా పడుకుని చూశాడు. "అయితే మా అన్న కాదా?" అన్నాడు. అన్న అప్పుడే మళ్ళీ పోయినట్టుంది ఆ గొంతు. నేనైతే కాదని మొహం మీదే అనేసేవాణ్ణి. నా నోరు అలాంటిది.

బావ వాడి భుజం మీద చెయ్యి వేశాడు. హిందీలో చెప్పి, నా కోసం మన మాటలో మళ్ళీ చెప్పాడు. "మీ అన్ననే కావచ్చు బిడ్డా. గని పిలుస్తలేడు, ఆపుతుండు."

వాడు లేచి, ఫోను తీసి, పందేనికి రానని చెప్పేశాడు.

యాక్సిల్ దించి, లోపలి పళ్ళ చక్రాలన్నీ తీసేశాం. బావ ఆ గుండును బాగా కాచి, అతుకు చుట్టూ కొద్దికొద్దిగా వెల్డింగు పెట్టాడు. వెనక నుంచి వంతెనలా ఒక దట్టమైన ఇనుప పట్టీ అతికాడు. పోత ఇనుము తొందరగా చల్లారితే పగులుతుంది. అందుకని షెడ్డు వెనక ఇసుక కుప్పలో గొయ్యి తీసి ఇరుసును అందులో దించాం. రెండు పక్కలా చేతులు చాచి పడుకున్న మనిషిలా ఉంది. ఎవరూ చెప్పకుండానే పిల్లవాడు మోకాళ్ళ మీద కూర్చుని దోసిళ్ళతో ఇసుక పోశాడు. వాళ్ళ దగ్గర పోయినవాళ్ళకు అలాగే మట్టి ఇస్తారు. అన్నను పాతిన రోజు తాను ఆసుపత్రిలో ఉన్నానని అప్పుడు చెప్పాడు. ఆనాడు పక్క సీటులో ఉన్నది తనే.

అంతలో ఇసుక కింద 'టక్' మంది.

ముగ్గురమూ ఆగిపోయాం. "ఇనుము చల్లారుతుంటే గట్లనే అంటది" అన్నాడు బావ. మా ఇద్దరిలో ఎవరి వంకా చూడలేదు.

పూర్తిగా చల్లారాక యాక్సిల్ బిగించి, ఈసారి గీత నాచేతనే గీయించాడు. ఎంత తొక్కినా తెగలేదు. ఇంటికొచ్చి ఏళ్ళయినా నా జేబులో సుద్ద పోలేదు. నిచ్చెనకైనా ట్రాక్టరుకైనా అతుకు కనబడితే గీత గీసి చూస్తాను. ఎవరైనా తనకు ఏదో వినబడుతోందని చెబితే మాత్రం నోరు మూసుకుని వింటాను, ఆ తర్వాతే కిందకు పాకి చూస్తాను.

ఆ రోజు అక్కడ ఉన్నది మా బావ, ఆ పిల్లవాడు, నేను. ఇసుక కింద చప్పుడు చేసినవాణ్ణి కూడా కలుపుకుంటే నలుగురం.